కెర్నెల్ కాన్ఫిగరేషన్ ఫైలును చదవాలా, కెర్నెల్‌నే అడగాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు లినక్స్ సర్వర్లపై నడిచే ఒక పర్యవేక్షక ప్రోగ్రామును రాశారు. అది ఒక్కో ప్రాసెస్ వాడుకున్న సీపీయూ సమయాన్ని లెక్కిస్తుంది, అనుమానం కలిగించే ఫైళ్లను ఒక శాండ్‌బాక్స్‌లో, అంటే మిగతా వ్యవస్థను తాకలేని చోట, పెట్టి తెరుస్తుంది. దానికి తోడుగా మీరే రాసిన ఒక కెర్నెల్ మాడ్యూల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌లో చేరే కోడ్) కూడా ఉంది. ఈ ప్రోగ్రాముకు కెర్నెల్ టిక్ వేగం (దాని టైమర్ సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందన్న లెక్క) ఎంతో, మెమరీ పేజీ (కెర్నెల్ మెమరీని పంచే ముక్క) పరిమాణం ఎంతో, యూజర్ నేమ్‌స్పేస్‌ల (ఒక ప్రాసెస్‌కు విడిగా తన సొంత వినియోగదారుల లోకాన్ని ఇచ్చే ఏర్పాటు) సదుపాయం ఉందో లేదో తెలియాలి. ఉబుంటూలో /బూట్ కింద ఉన్న కాన్ఫిగ్ ఫైలును చదివి పని నడిపించారు. ఆర్చ్ లినక్స్‌లో ఆ ఫైలే కనిపించలేదు, కంటైనర్‌లో (హోస్ట్ కెర్నెల్‌నే వాడుకునే విడి వాతావరణంలో) /బూట్ ఖాళీగా ఉంది. కాబట్టి కెర్నెల్ సెట్టింగులను యూజర్ ప్రోగ్రాములు తెలుసుకోవడానికి అన్నిచోట్లా పనిచేసే దారి ఏదని అడిగారు. మీ మాడ్యూల్ సెట్టింగులను ప్రోగ్రాముకు ఎలా చూపించాలన్నది మీ రెండో ప్రశ్న.

ఆ ఫైలు ఎక్కడెక్కడ దొరుకుతుందో చెబుతాను. కానీ అది దొరికినా దాన్ని చూసి మీ ప్రోగ్రాము నిర్ణయాలు తీసుకోకూడదన్నదే నా అసలు సమాధానం. కెర్నెల్‌ను బిల్డ్ చేసిన రోజున ఏమేమి ఎంచుకున్నారో కాన్ఫిగ్ ఫైలు చెబుతుంది. ఈ క్షణంలో, ఈ ప్రాసెస్‌కు, ఈ అనుమతులతో కెర్నెల్ ఏ పని చేసిపెడుతుందో అది చెప్పదు. ఇంటి ప్లాను చూసి ఎన్ని గదులున్నాయో చెప్పగలం గానీ, ఏ గదికి తాళం వేసి ఉందో చెప్పలేం కదా. మీకు కావలసిన మూడు విషయాల్లో రెండింటికి కెర్నెల్ నేరుగా జవాబు చెప్పే మార్గాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, మూడోది చేసి చూస్తే తప్ప తేలదు.

ముందు ఫైలు సంగతి చూద్దాం. కెర్నెల్‌ను బిల్డ్ చేసేటప్పుడు మెనూకాన్ఫిగ్ వంటి పనిముట్టుతో ఎంచుకున్నవన్నీ సోర్స్ డైరెక్టరీలో డాట్ కాన్ఫిగ్ అనే ఫైలులో చేరతాయి. ఎంపిక పక్కన ‘వై’ ఉంటే అది కెర్నెల్‌లోనే కలిసిపోయిందని, ‘ఎమ్’ ఉంటే విడి మాడ్యూల్‌గా తయారైందని అర్థం. వద్దనుకున్నవి ‘సెట్ చేయలేదు’ అనే వ్యాఖ్య వరుసలుగా మిగులుతాయి. ఐకేకాన్ఫిగ్ అనే ఎంపికను పెట్టి బిల్డ్ చేస్తే ఈ ఫైలు మొత్తం జీజిప్ రూపంలో కెర్నెల్ ఇమేజ్‌లోనే ఇమిడిపోతుంది. దానికి జతగా ఉండే ప్రాక్ ఎంపికను (/ప్రాక్ అంటే కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లలా చూపే డైరెక్టరీ) కూడా పెడితే, నడుస్తున్న కెర్నెల్ దాన్ని /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్ అనే పేరుతో అందరికీ చదివే అనుమతితో చూపిస్తుంది. ఆర్చ్ ఈ పద్ధతినే పాటిస్తుంది. డెబియన్, ఉబుంటూ, ఫెడోరా మాత్రం కెర్నెల్ విడుదల పేరు చివర తగిలించిన ఒక ఫైలును /బూట్ కింద ఉంచుతాయి. ఐకేకాన్ఫిగ్‌ను మాడ్యూల్‌గా బిల్డ్ చేసిన చోట ‘కాన్ఫిగ్స్’ అనే మాడ్యూల్‌ను లోడ్ చేసేదాకా ప్రాక్‌లో ఏమీ కనిపించదు. కంటైనర్లను నిర్వహించే కుబెర్నెటీస్‌ను నెలకొల్పే ముందు జరిగే తనిఖీలో ఆ మాడ్యూల్‌ను లోడ్ చేసే ప్రయత్నం ఉండటానికి కారణం ఇదే. ఇవేవీ లేకపోయినా, ఐకేకాన్ఫిగ్‌తో బిల్డ్ అయిన ఇమేజ్ చేతిలో ఉంటే, కెర్నెల్ సోర్స్‌తో వచ్చే ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్ అనే స్క్రిప్టు లోపలి గుర్తును వెతికి పట్టుకుని ఫైలును బయటకు తీస్తుంది.

ఈ రెండు చోట్లలో దేన్ని నమ్మాలన్న ప్రశ్న వస్తే, ప్రాక్‌నే నమ్మాలి. ఎందుకంటే అది నడుస్తున్న కెర్నెల్ తన కడుపులోంచి తీసి ఇచ్చినది. /బూట్‌లో ఉన్నది పేరు కలిసిన ఒక ఫైలు, అంతకు మించి దానికీ నడుస్తున్న కెర్నెల్‌కూ ఏ బంధమూ లేదు. ఎవరైనా అదే విడుదల పేరుతో కెర్నెల్‌ను మళ్లీ బిల్డ్ చేసి పాత ఫైలును అలాగే వదిలేస్తే అది అబద్ధం చెబుతుంది, ఆ సంగతి మీకు తెలియదు కూడా. కంటైనర్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ యూనేమ్ కమాండు చెప్పే విడుదల పేరు హోస్ట్ కెర్నెల్‌ది, /బూట్ మాత్రం కంటైనర్ ఇమేజ్‌ది. కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాములను (బీపీఎఫ్) నడపడానికి వాడే లిబ్‌బీపీఎఫ్ లైబ్రరీ ముందు /బూట్ ఫైలును, అది లేకపోతేనే ప్రాక్‌ను చూస్తుంది. ఆ వరుస తిరగేసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

మీ ప్రశ్న కింద ఒకరు ఇచ్చిన సలహాపై కూడా ఒక మాట చెప్పాలి. కెర్నెల్ బిల్డ్‌లో పుట్టే ఆటోకాన్ఫ్ హెడర్‌ను మీ సీ ప్రోగ్రాములో చేర్చుకుని, ఇఫ్‌డెఫ్‌లతో (కంపైల్ సమయంలో కోడ్‌ను ఎంచుకునే షరతులతో) పని కానివ్వమన్నారు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. ఆ హెడర్ మీరు కంపైల్ చేసిన యంత్రం సంగతి చెబుతుంది, మీ ప్రోగ్రాము నడిచేది వినియోగదారుడి యంత్రంపైన. కెర్నెల్‌కూ యూజర్ ప్రోగ్రాములకూ మధ్య ఉన్న గోడను కెర్నెల్ రచయితలు చాలా పట్టుదలతో కాపాడుతున్నారు. 2012లో వచ్చిన 3.7 విడుదలలో యూజర్ ప్రోగ్రాముల కోసం ఉద్దేశించిన హెడర్లను యూఏపీఐ అనే విడి డైరెక్టరీలోకి తరలించారు. ఆ హెడర్లను ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు, వాటిలో ఎక్కడైనా కాన్ఫిగ్ పేరు కనిపిస్తే, అది యూజర్ స్పేస్‌లోకి (యూజర్ ప్రోగ్రాముల వైపుకు) లీక్ అవుతోందని చెప్పి బిల్డ్‌నే ఆపేస్తుంది. అంత జాగ్రత్త ఎందుకో టిక్ వేగం కథ చూస్తే అర్థమవుతుంది.

పాత రోజుల్లో ఇంటెల్ 32 బిట్ల యంత్రాలపై లినక్స్ టైమర్ సెకనుకు 100 సార్లు కొట్టుకునేది. 2.5 అభివృద్ధి శ్రేణిలో దాన్ని 1000కి పెంచారు. 2005లో వచ్చిన 2.6.13 నుంచి అది బిల్డ్ సమయంలో ఎంచుకునే సెట్టింగ్ అయింది, 250 డిఫాల్ట్‌గా స్థిరపడింది. అయితే అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాములు ప్రాక్‌లో కనిపించే సమయాలను 100తో భాగించడానికి అలవాటుపడ్డాయి. అందుకని కెర్నెల్ లోపల టిక్ వేగం ఎంత ఉన్నా, బయటికి చూపే లెక్కను యూజర్_హెచ్‌జెడ్ అనే వేరే స్థిరసంఖ్యలోకి మార్చి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఎక్స్86 మీద, ఆర్మ్ మీద అది 100.

ఇప్పుడు మీ ప్రోగ్రామునే తీసుకోండి. ఒక ప్రాసెస్ సరిగ్గా 10 సెకన్ల సీపీయూ సమయం వాడిందనుకుందాం. ఆ ప్రాసెస్ తాలూకు స్టాట్ ఫైలులో 14, 15 స్థానాల్లో ఉండే యూజర్, సిస్టమ్ సమయాలను కలిపితే 1000 వస్తుంది. మీరు కాన్ఫిగ్ ఫైలులోంచి 250ని తెచ్చి దానితో భాగిస్తారు, జవాబు 4 సెకన్లు వస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏ హెచ్చరికా ఉండదు. గ్రాఫ్ మాత్రం రెండున్నర రెట్లు తక్కువ చూపిస్తూ పోతుంది. కాన్ఫిగ్ ఫైలు ఇక్కడ అబద్ధం చెప్పలేదు, అది కెర్నెల్ లోపలి లెక్క చెప్పింది. మీకు కావలసింది కెర్నెల్ మీతో మాట్లాడే లెక్క. దానికి సీ లైబ్రరీలోని సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ను క్లాక్ టిక్ పేరుతో అడగండి. అలాగని 100ని కోడ్‌లో నేరుగా రాసేయడమూ మంచిది కాదు, ఆల్ఫా ప్రాసెసర్ల మీద ఆ సంఖ్య 1024 ఉండేది.

పేజీ పరిమాణం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది, కాకపోతే ఇక్కడ తప్పు దాక్కోదు. 64 బిట్ల ఆర్మ్ కెర్నెల్‌ను 4, 16, 64 కిలోబైట్ల పేజీల్లో ఏ ఒక్కదానికైనా బిల్డ్ చేయవచ్చు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 ఆర్మ్‌పై 64 ఎంచుకుంది, రాస్ప్‌బెర్రీ పై 5తో వచ్చే డిఫాల్ట్ కెర్నెల్ 16 వాడుతుంది, ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కిలోబైట్ల పేజీలున్న ఫోన్లకు మద్దతు వచ్చింది. జేమాలక్ అనే మెమరీ కేటాయింపు లైబ్రరీ పేజీ పరిమాణాన్ని తన బిల్డ్ సమయంలోనే నిర్ణయించుకుంటుంది. 4 కిలోబైట్లకు బిల్డ్ చేసిన జేమాలక్ ఉన్న ప్రోగ్రామును రాస్ప్‌బెర్రీ పై 5పై నడిపితే, ‘ఈ సిస్టమ్ పేజీ పరిమాణానికి మద్దతు లేదు’ అని ఒక్క వరుస రాసి అక్కడికక్కడే ఆగిపోతుంది. 64కు బిల్డ్ చేసినది మాత్రం చిన్న పేజీలపై కూడా నడుస్తుంది. మీకు జేమాలక్ అవసరం ఉంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి. మీ కోడ్‌లో మాత్రం సిస్‌కాన్ఫ్‌నే అడగండి. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు కెర్నెల్ దాని స్టాక్‌పై పెట్టే ఆక్సిలరీ వెక్టర్‌లోనే ఈ సంఖ్య వచ్చేస్తుంది. ఏ ఫైలూ తెరవనక్కర లేదు, ప్రాక్ మౌంట్ కాని చోట కూడా పనిచేస్తుంది.

ఇక మీకు కావలసిన మూడో విషయం యూజర్ నేమ్‌స్పేస్‌లు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

కాన్ఫిగ్ ఫైలులో యూజర్_ఎన్ఎస్ పక్కన ‘వై’ ఉంటే ఆ కోడ్ కెర్నెల్‌లో ఉందని మాత్రమే అర్థం. ఆ తరువాత ఎన్ని తలుపులు ఉన్నాయో చూడండి. ప్రధాన కెర్నెల్‌లోనే ఒక్కో వినియోగదారుడు ఎన్ని యూజర్ నేమ్‌స్పేస్‌లు సృష్టించుకోవచ్చో చెప్పే సిస్‌కంట్రోల్ (నడుస్తున్న కెర్నెల్‌లో మార్చగల సెట్టింగ్) ఉంది. రెడ్‌హ్యాట్ 7లో అది సున్నాగా వచ్చేది. డెబియన్ తన సొంత ప్యాచ్‌తో, సాధారణ వినియోగదారులకు ఈ సదుపాయం ఇవ్వాలా వద్దా అని చెప్పే మరో సిస్‌కంట్రోల్‌ను చేర్చింది. కంటైనర్లను నడిపే డాకర్ డిఫాల్ట్ సెక్‌కాంప్ ఫిల్టర్ (సిస్టమ్ కాల్‌లను వడకట్టేది) ప్రత్యేక అనుమతి లేని కంటైనర్‌లో కొత్త యూజర్ నేమ్‌స్పేస్‌ను అడ్డుకుంటుంది. ఉబుంటూ 24.04 ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆప్‌ఆర్మర్ అనే భద్రతా మాడ్యూల్ ద్వారా దీన్ని డిఫాల్ట్‌గానే బిగించింది. ఈ అన్ని యంత్రాల్లోనూ కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే కనిపించేది అదే ‘వై’.

ఉబుంటూ 24.04 ప్రవర్తన ప్రత్యేకంగా గమనించదగినది. అక్కడ ఏ ఆప్‌ఆర్మర్ ప్రొఫైలూ లేని సాధారణ ప్రోగ్రాము కొత్త నేమ్‌స్పేస్ కోసం అన్‌షేర్ కాల్‌ను పిలిస్తే అది విజయవంతమైనట్టే తిరిగి వస్తుంది, కొత్త నేమ్‌స్పేస్ కూడా పుడుతుంది. కానీ అందులో మీకు రావలసిన అధికారాలు రావు. తరువాత యూఐడీ మ్యాప్ ఫైలులోకి (లోపలి, బయటి వినియోగదారు సంఖ్యలను జతపరిచే ఫైలు) రాయబోతే ‘అనుమతి లేదు’ అని వస్తుంది. టెర్మినల్‌లో అన్‌షేర్ కమాండును రూట్ మ్యాపింగ్ ఆప్షన్‌తో నడిపి చూడండి, ఆ యూఐడీ మ్యాప్ ఫైలు పేరుతోనే ఎర్రర్ కనిపిస్తుంది. అంటే కాన్ఫిగ్ ఫైలును చదవడం మాత్రమే కాదు, అన్‌షేర్‌ను ఒక్కసారి పిలిచి చూడటం కూడా చాలదు. మీ శాండ్‌బాక్స్‌కు నిజంగా కావలసిన పనినంతా చివరిదాకా చేసి చూడాలి.

ఆ పరీక్షను ఇలా రాయండి. ముందుగా ఫోర్క్ చేసి ఒక పిల్ల ప్రాసెస్‌ను సృష్టించండి. అది అన్‌షేర్‌ను పిలిచి, యూఐడీ మ్యాప్ రాసి, ఒక మౌంట్ నేమ్‌స్పేస్ తెచ్చుకుని అందులో ఒక టీఎంపీఎఫ్ఎస్‌ను (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్‌ను) మౌంట్ చేసి, ఎక్కడ ఆగిందో, ఏ ఎర్రర్ కోడ్‌తో ఆగిందో తల్లి ప్రాసెస్‌కు పైప్ ద్వారా చెప్పి ముగియాలి. ఫోర్క్ తప్పనిసరి, దానికి కారణం ఉంది. ఒకటికి మించి థ్రెడ్లున్న ప్రాసెస్ నుంచి యూజర్ నేమ్‌స్పేస్ కోసం అన్‌షేర్‌ను పిలిస్తే ఈఇన్వాల్ (చెల్లని వినతి) ఎర్రర్ వస్తుంది, ఆ సదుపాయం లేకుండా బిల్డ్ చేసిన కెర్నెల్ కూడా అదే ఈఇన్వాల్‌నే ఇస్తుంది. థ్రెడ్లతో నిండిన మీ ప్రధాన ప్రోగ్రాములోనే పరీక్ష పెడితే, అన్నీ సవ్యంగా ఉన్న యంత్రంలో కూడా ‘కెర్నెల్‌లో ఈ సదుపాయం లేదు’ అని తేల్చేస్తారు. పరిమితి సున్నాగా ఉంటే ఈనోస్పేస్ (చోటు లేదు) వస్తుంది. విధానపరంగా అడ్డుకుంటే చాలావరకు ఈపెర్మ్ (అనుమతి లేదు) వస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా లాగ్ చేయండి, మీ సహాయ విభాగానికి ఎంతో శ్రమ తగ్గుతుంది. ఫలితాన్ని శాశ్వతంగా దాచుకోవద్దు, సిస్‌కంట్రోల్‌ను అడ్మిన్ ఎప్పుడైనా మార్చవచ్చు.

ఎర్రర్ కోడ్‌లను అర్థం చేసుకోవడంలో ఇంకొక ఉచ్చు ఉంది. కెర్నెల్‌లో లేని సిస్టమ్ కాల్‌ను పిలిస్తే ఈనోసిస్ (అలాంటి కాల్ లేదు) రావాలి, దాన్ని చూసి గ్లిబ్‌సీ వంటి సీ లైబ్రరీలు పాత కాల్‌కు మళ్లుతాయి. కానీ ఒకప్పటి కంటైనర్ సెక్‌కాంప్ ఫిల్టర్లు తమకు తెలియని కొత్త కాల్‌లన్నింటికీ ఈపెర్మ్ ఇచ్చేవి. గ్లిబ్‌సీ 2.33 ఫాక్సెస్‌యాట్2ను, 2.34 క్లోన్3ని వాడటం మొదలుపెట్టినప్పుడు, పాత కంటైనర్ ఇంజిన్లపై కొత్త డిస్ట్రో (లినక్స్ పంపిణీ) ఇమేజ్‌లు విచిత్రమైన తప్పులతో కూలిపోవడానికి మూలం ఇదే. తరువాత కంటైనర్లను నడిపే రన్‌సీ తన పద్ధతిని మార్చుకుని కొత్త కాల్‌లకు ఈనోసిస్ ఇవ్వడం మొదలుపెట్టింది. పాత ఇంజిన్లు ఇంకా వాడుకలో ఉండే సర్వర్లను మీరు లక్ష్యంగా పెట్టుకుంటే, ఈపెర్మ్‌ను ‘ఉంది కానీ అనుమతి లేదు’ అని ఖచ్చితంగా చదవకండి.

కాన్ఫిగ్ పేర్ల మీద ఆధారపడకూడదనడానికి మరో బలమైన కారణం, వాటికి ఎవరూ హామీ ఇవ్వలేదు. యూజర్ ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదన్న లినక్స్ నియమం సిస్టమ్ కాల్‌లకు, ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్ (/సిస్ కింద కనిపించేవి) ఫైళ్లకు వర్తిస్తుంది గానీ, బిల్డ్ ఎంపికల పేర్లకు వర్తించదు. 2024లో ప్రాసెసర్ లోపాలకు సంబంధించిన ఎంపికలన్నింటికీ పేరు మధ్యలో మిటిగేషన్ అన్న పదం చేర్చారు, దాంతో రెట్‌పొలీన్ అనే రక్షణ ఎంపికను పాత పేరుతో వెతికే స్క్రిప్టులకు అది కనిపించకుండా పోయింది. అదే సమాచారం కోసం 2018 నుంచి సిస్‌ఎఫ్ఎస్‌లో సీపీయూ డైరెక్టరీ కింద వల్నరబిలిటీస్ అనే చోటు ఉంది. ఒక్కో లోపానికి ఒక్కో ఫైలు, అందులో ప్రస్తుతం అమలులో ఉన్న రక్షణ ఏదో మాటల్లో రాసి ఉంటుంది. బూట్ సమయంలో ఎవరైనా రక్షణలన్నింటినీ ఆపేసినా అది నిజమే చెబుతుంది. కొన్నిసార్లు ఎంపిక మాయమవడానికి కారణం సదుపాయం పోవడం కాదు, అది అందరికీ శాశ్వతమైపోవడం. డెవ్‌పీటీఎస్‌కు (టెర్మినళ్ల ఫైల్ సిస్టమ్‌కు) పలు ఇన్‌స్టెన్స్‌లు ఇచ్చే ఎంపికకు అదే జరిగింది. ఆ మార్పు తరువాత డాకర్‌తో వచ్చే కాన్ఫిగ్ తనిఖీ స్క్రిప్టు, ఆ ఒక్క ఎంపిక కోసం కెర్నెల్ వెర్షన్ ఏదో కూడా చూడవలసి వచ్చింది.

వెర్షన్ అన్నాను కాబట్టి దాని సంగతీ ముగిస్తాను. ‘ఫలానా వెర్షన్ దాటితే ఫలానా సదుపాయం ఉంటుంది’ అన్న లెక్క డిస్ట్రో కెర్నెళ్లపై నిలవదు. రెడ్‌హ్యాట్ 8లో కెర్నెల్ పేరుకు 4.18 అయినా, దాని లోపల ఆ తరువాతి విడుదలల నుంచి తెచ్చిన కోడ్ ఎంతో ఉంది.

అలాగే ‘ఎమ్’ ఉన్నంత మాత్రాన మాడ్యూల్ డిస్కుపై ఉంటుందన్న నమ్మకమూ లేదు. కంటైనర్ కోసం కుదించిన ఇమేజ్‌లో అది లేకపోవచ్చు, బ్లాక్‌లిస్టులో ఉండవచ్చు. ఆర్చ్‌లో కెర్నెల్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేయకపోతే, నడుస్తున్న కెర్నెల్ మాడ్యూళ్ల డైరెక్టరీయే పోయి ఉంటుంది. సెక్యూరిటీ మాడ్యూళ్లు బిల్డ్‌లో ఉన్నా బూట్ పారామితితో ఆగి ఉండవచ్చు. నిజంగా పనిచేస్తున్నవి ఏవో సెక్యూరిటీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని ఎల్ఎస్ఎమ్ అనే ఫైలు చెబుతుంది.

ఇటీవలి కెర్నెల్ ఇంటర్‌ఫేస్‌లు ఈ విషయంలో చాలా మెరుగుపడ్డాయి. నాకు ఆదర్శంగా కనిపించేది 5.13లో వచ్చిన ల్యాండ్‌లాక్, అంటే ఒక ప్రాసెస్ తన అనుమతులను తానే కుదించుకునే ఏర్పాటు. మీ శాండ్‌బాక్స్‌కు కూడా అది పనికొస్తుంది. రూల్‌సెట్ సృష్టించే కాల్‌నే వెర్షన్ ఫ్లాగ్‌తో పిలిస్తే, కెర్నెల్ మద్దతు ఇచ్చే ఏబీఐ (ఇంటర్‌ఫేస్) వెర్షన్ సంఖ్య వస్తుంది. కెర్నెల్‌లో బిల్డ్ చేయకపోతే ఈనోసిస్, బిల్డ్ చేసినా బూట్‌లో ఆపేస్తే ఈఆప్‌నాట్‌సప్ వస్తాయి. ప్రోగ్రాముకు కావలసిన తేడాలన్నీ ఒక్క కాల్‌లో తేలిపోతాయి. వర్చువల్ యంత్రాలను నడిపే కేవీఎమ్ ఇదే పనిని వేరేలా చేసింది. దాని ఏపీఐ వెర్షన్ సంఖ్య 12 దగ్గర శాశ్వతంగా ఆగిపోయింది, కొత్త సదుపాయాల గురించి ఒక్కొక్కటిగా ‘ఈ ఎక్స్‌టెన్షన్ ఉందా’ అని అడగాలి. పనితీరును కొలిచే పెర్ఫ్ విషయంలో మాన్యువల్ పేజీ చెప్పే అధికారిక పద్ధతి మరీ సాదాగా ఉంటుంది: పెర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ అనే సిస్‌కంట్రోల్ ఫైలు ఉందో లేదో చూడటమే.

కాన్ఫిగ్ ఫైలును చదవడమే సరైన చోట్లు కూడా ఉన్నాయి. బీపీఎఫ్ ప్రోగ్రాము కెర్నెల్ లోపలి నిర్మాణాల్లోకే తొంగి చూస్తుంది కాబట్టి, బిల్డ్ ఎంపికలు దానికి నిజంగా అవసరం. లిబ్‌బీపీఎఫ్‌లో కేకాన్ఫిగ్ అనే గుర్తుతో ఒక బయటి చరరాశిని ప్రకటిస్తే, లోడ్ చేసే సమయంలో ఆ విలువ నిండి వస్తుంది. దాన్ని వీక్‌గా (లేకపోయినా ఫరవాలేదన్నట్టు) ప్రకటించడం మరిచిపోకండి, లేకపోతే ఆ పేరు దొరకని కెర్నెల్‌పై ప్రోగ్రాము లోడే కాదు. ఆండ్రాయిడ్ తన ఫ్రేమ్‌వర్క్‌కు, తయారీదారుడి కెర్నెల్‌కు పొంతన కుదిరిందో లేదో చూడటానికి /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్‌నే చదువుతుంది. అక్కడ అడిగేది ‘ఈ కెర్నెల్‌ను ఒప్పందం ప్రకారం బిల్డ్ చేశారా’ అన్న ప్రశ్న కాబట్టి అది సబబే. భద్రతా ఆడిట్లు కూడా అంతే. అయినా కెర్నెల్-హార్డెనింగ్-చెకర్ వంటి మంచి పనిముట్టు కాన్ఫిగ్‌తో ఆగకుండా, బూట్ పారామితులను, సిస్‌కంట్రోళ్లను కూడా పరిశీలిస్తుంది.

కాన్ఫిగ్‌ను ప్రాక్‌లో చూపడం దాడి చేసేవాడికి సహాయం కదా అని కొందరు దాన్ని ఆపేస్తుంటారు. డిస్ట్రో కెర్నెల్ కాన్ఫిగ్ ప్యాకేజీలోనే అందరికీ దొరుకుతుంది, దాన్ని దాచడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. సొంతంగా బిల్డ్ చేసిన కెర్నెల్ అయితే కొద్దిపాటి సమాచారం బయటపడుతుందన్న మాట నిజమే గానీ, సమస్య వచ్చిన రోజున అది లేక పడే అవస్థ దానికంటే పెద్దది. నేనైతే ఉంచుతాను.

ఫ్రీబీఎస్డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ‘ఎలా బిల్డ్ చేశారు’, ‘ఇప్పుడు ఏముంది’ అన్న రెండు ప్రశ్నలను వేరుచేసి చూసింది. కాన్ఫిగ్ ఫైలును కెర్నెల్‌లో ఇమిడ్చి, కెర్న్.కాన్ఫ్‌టెక్స్ట్ అనే సిస్‌కంట్రోల్ ద్వారా చూపిస్తుంది. అదే సమయంలో ‘ఈ సదుపాయం ఉందా’ అని ప్రోగ్రాములు అడగడానికి ఫీచర్_ప్రెజెంట్ అనే లైబ్రరీ ఫంక్షన్‌ను విడిగా ఇచ్చింది. లినక్స్‌లో అలాంటి ఉమ్మడి ద్వారం ఏదీ లేదు, ఒక్కో ఉపవ్యవస్థను దాని పద్ధతిలోనే అడగాలి.

ఇప్పుడు మీ మాడ్యూల్ సంగతికి వద్దాం. మీరు పంపిన కోడ్‌లో, మీ డివైస్ నుంచి ప్రోగ్రాముకు వచ్చే స్ట్రక్ట్‌లో (ఫీల్డుల కట్టలో) రెండు ఫీల్డులు ఒక బిల్డ్ ఎంపిక ఇఫ్‌డెఫ్ లోపల ఉన్నాయి. మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని తీసేయండి. ఎంపిక మారిన కెర్నెల్‌పై ఆ స్ట్రక్ట్ పరిమాణం, తరువాతి ఫీల్డుల స్థానాలు మారిపోతాయి, ప్రోగ్రాముకు మాత్రం పాత లెక్కే తెలుసు. ఫీల్డులు ఎప్పుడూ ఉండాలి, వాటికి అర్థం ఉందో లేదో చెప్పే ఫ్లాగ్ బిట్లు పక్కన ఉండాలి. రకాలు కూడా 32, 64 బిట్ల ఖచ్చితమైన పరిమాణాలతో ఉండాలి, లేకపోతే 64 బిట్ల కెర్నెల్‌పై నడిచే 32 బిట్ల ప్రోగ్రాము దగ్గర మళ్లీ ఇదే గొడవ వస్తుంది. మున్ముందు ఫీల్డులు పెరుగుతాయనుకుంటే, క్లోన్3, ఓపెన్‌యాట్2 చేసినట్టు స్ట్రక్ట్ పరిమాణాన్ని కూడా ప్రోగ్రాము చేతే పంపించండి. కెర్నెల్‌కు తెలియని అదనపు బైట్లలో సున్నా కానిది ఏదైనా ఉంటే, ఈ2బిగ్ ఇచ్చి తిరస్కరించడం అక్కడి ఆనవాయితీ.

లోడ్ చేసేటప్పుడు ఇచ్చే విలువలకు మాడ్యూల్ పారామితులు చాలు. అందరికీ చదివే అనుమతి, అంటే 0444 పెడితే, /సిస్/మాడ్యూల్ కింద మీ మాడ్యూల్ పేరుతో ఉండే పారామీటర్స్ డైరెక్టరీలో అవి వాటంతటవే కనిపిస్తాయి. అయితే అక్కడ కనిపించేది అడిగిన విలువ. మీ కోడ్ ఆ విలువను హార్డ్‌వేర్‌కు తగ్గట్టు సవరిస్తుంది కాబట్టి, చివరకు అమలైన విలువను సిస్‌ఎఫ్ఎస్‌లో డివైస్ కింద వేరే ఫైలుగా పెట్టండి. ప్రోగ్రాములు చదవవలసింది దాన్నే. ఒక ఫైలుకు ఒకే విలువ అన్నది సిస్‌ఎఫ్ఎస్ కట్టుబాటు. మీరిప్పుడు ఒకే ఫైలులో పట్టికలా రాసిన పన్నెండు విలువలనూ విడదీయండి. రేపు పదమూడోది చేర్చినప్పుడు పాత ప్రోగ్రాముల పార్సింగ్ చెడిపోకుండా ఉంటుంది.

నడుస్తుండగా మార్చగలిగే విలువలకు సిస్‌కంట్రోల్ వాడవచ్చు, కానీ పేర్లతో ఉండే ఫైళ్ల రూపంలోనే వాడండి. ఒకప్పుడు లినక్స్‌లో ఒక్కో సిస్‌కంట్రోల్‌కు సంఖ్య కేటాయించి, ప్రత్యేకమైన సిస్టమ్ కాల్‌తో చదివే పద్ధతి ఉండేది. ఆ సంఖ్యల నిర్వహణ ఎవరివల్లా కాక, ఏళ్లతరబడి వాడవద్దని చెబుతూ వచ్చి, చివరకు 5.5లో ఆ కాల్‌ను తొలగించారు. డీబగ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో పెట్టినవి మీ సొంత పరిశీలనకు మాత్రమే. అది సాధారణంగా రూట్‌కు తప్ప అందదు, కొన్ని యంత్రాల్లో మౌంట్ అయి కూడా ఉండదు. మీరు ఇంతవరకు రూట్ అధికారంతోనే పరీక్షించి ఉంటే ఈ తేడా మీకు కనిపించి ఉండదు.

మీ ప్రోగ్రాములో ఇప్పుడున్న కాన్ఫిగ్ పార్సర్‌ను పారేయనక్కర లేదు. దాన్ని నిర్ణయాలు తీసుకునే చోటు నుంచి తీసి, సమస్య నివేదిక తయారుచేసే చోట పెట్టండి. /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్ ఉంటే దాన్ని, లేకపోతే /బూట్ ఫైలును, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, బూట్ కమాండ్ లైన్‌తోనూ, పైన చెప్పిన నేమ్‌స్పేస్ పరీక్ష ఎర్రర్ కోడ్‌లతోనూ కలిపి జత చేయండి. రెండూ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయండి, ‘సదుపాయం లేదు’ అని మాత్రం రాయకండి.